ఘటమును నిండుగా ఉంచుట: ఇన్వర్టరు బ్యాటరీ పోషణ

గోదావరి మండలములలో పుట్టి పెరిగిన వారికి చీకటి రాత్రులను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6వ తేదీన తీరమును దాటిన పెనుతుపాను కోనసీమలో కొబ్బరి చెట్లతోపాటు విద్యుత్ స్తంభములను కూడ నేలకూల్చినది. వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన ప్రాంతమున తీరము దాటినది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురము చెంత దాటినది. తుపాను లేని యేట వరద యుండును. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు ఎక్కినపుడు దిగువన లంక గ్రామములు నీట చిక్కుకొన్న సంగతి అందరకు తెలిసినదే. ఇట్టి వేళలందు ముందుగా పోవునది కరెంటు, చివరకు వచ్చునదియు కరెంటే.

ఈ కారణముచేతనే నేడు మన ప్రాంతమున పెంకుటింటిలో సైతము ఒక మూల ఇన్వర్టరు, దాని క్రింద బ్యాటరీ కానవచ్చుచున్నవి. పరీక్షలకు చదువు విద్యార్థి దానిపై ఆధారపడును. ఆయాసముతో నెబ్యులైజరు పెట్టుకొను తాతగారు దానిపై ఆధారపడుదురు. కాని అవసరమైన ఆ ఒక్క రాత్రి అర్ధగంట గడువకముందే ఇన్వర్టరు కూతలు కూసి ఆగిపోవుట మేము అనేక గృహములలో చూచినాము. "బ్యాటరీ మోసము చేసినది" అందురు. మూడేండ్లయినను నిండలేదే యని కంపెనీని నిందింతురు. తయారీలో లోపము ఉండరాదని కాదు. కాని మేము చూచినంతలో పలు బ్యాటరీలు చనిపోవుట వాడుటవలన గాక, వాడిన తరువాత పూర్తిగా నింపకుండుటవలననే.

భాషాశాఖ వారికి బ్యాటరీతో నేమి పని యని విజ్ఞానశాఖ మిత్రులు నవ్వవచ్చును. అసలు చిక్కు మాటలోనే ఉన్నదని మా మనవి. మన పాఠ్యగ్రంథములు దీనిని సంచాయక ఘటమన్నవి. ఘటమనగా కుండ. కుండలో సగము నీరున్నచో సగము నీరే యుండును. నెల తరువాత నింపినను కుండకు వచ్చు నష్టమేమియు లేదు. ఈ పోలిక మనస్సులో నాటుకొనుటచేత బ్యాటరీ సగమున్నను ఫరవాలేదని తలంచుచున్నాము. బ్యాటరీ అట్టి కుండ కాదు. సగము ఖాళీగా విడిచిన ప్రతి దినమును దాని శరీరమునే తినివేయును. అది యెట్లో చూతము.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను ఆమ్లములో ముంచి తిరిగి నింపదగిన మొదటి బ్యాటరీని నిర్మించెను. నేటి మన ఇండ్లలోని బ్యాటరీ కూడ మూలమున అదియే. ఒక పలక సీసము, రెండవ పలక సీసపు ఆక్సైడు, నడుమ నీరు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లము. ఇట్టి అర ఒక్కొక్కటి 2 వోల్టులకు కొంచెము పైగా ఇచ్చును. ఆరు అరలు వరుసగా కలిపినచో 12 వోల్టుల బ్యాటరీ. మనము దీపము వెలిగించినపుడు ఆమ్లములోని సల్ఫేటు రెండు పలకలపైనను చేరి లెడ్ సల్ఫేటుగా మారును, ఆమ్లము పలుచనై నీటికి దగ్గరగును. తిరిగి కరెంటు పంపినపుడు ఆ సల్ఫేటు కరగి ఆమ్లములోనికి పోవును. ఇంతవరకు సులభము.

అయితే పలకపై చేరిన సల్ఫేటు మొదట అతి సన్నని పొడివలె ఉండును. వెంటనే కరెంటు పంపినచో మారు మాటాడక కరగును. అట్లే విడిచినచో, పాకమును కదపక ఉంచిన పటికబెల్లము గడ్డకట్టినట్లు, అది పెద్ద స్ఫటికములుగా బిగుసుకొనును. ఈ గట్టి స్ఫటికములు కరెంటును సులభముగా పోనీయవు, కరగవు. అవి ఆక్రమించిన మేర పలక మరి పనికి రాదు. 150 ఆంపియరు గంటల బ్యాటరీ క్రమముగా 100, తరువాత 60 ఆంపియరు గంటల బ్యాటరీగా మారిపోవును. పైనున్న చీటీపై మాత్రము 150 అనియే యుండును. తొలిదశలో కనుగొన్నచో తక్కువ ఆంపియర్లతో ఒక రాత్రి, ఒక పగలు ఎడతెగక ఛార్జి చేసి కొంతవరకు బాగుచేయవచ్చును. ఆలస్యమైనచో ఏ మెకానిక్కును ఏమియు చేయలేడు.

కనుక నింపుట ముఖ్యము. ఎట్లు నిండును? డెల్టా వాసులకు దీనిని కాలువను చూపి చెప్పుట తేలిక. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి మన పొలములకు కాలువ నీరు వచ్చుచున్నది. లాకు ఎత్తగానే కాలువ మొదటనున్న చేలు వేగముగా తడియును. శివారు భూములకు నీరు చేరుట మాత్రము ఆలస్యము. దాళ్వా కాలమున నదిలో నీరు తగ్గి వంతుల విధానము పెట్టినపుడు, వంతు ముగియుసరికి నీరు శివారుకు అందకపోవుటయు, అచ్చటి రైతు గట్టుపై నిలిచి ఎదురుచూచుటయు మనము ఎరుగుదుము. బ్యాటరీ కూడ సరిగా ఇట్లే నిండును. మొదటి భాగము త్వరగా నిండును. చివరి భాగము, అనగా శివారు, అతి నిదానముగా నిండును.

లెక్క చూతము. ఒక ఇంటిలో 75 వాట్ల ఫ్యానులు మూడు, 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు ఐదు, ఇంటర్నెట్ పెట్టె, సెల్ఫోనులు కలిపి 30 వాట్లు అనుకొందము. మొత్తము 300 వాట్లు. ఇన్వర్టరు తన శ్రమకు నూటికి 15 వంతులు తీసికొనినచో బ్యాటరీనుండి దాదాపు 29 ఆంపియర్లు పోవును. 150 ఆంపియరు గంటల బ్యాటరీ కనుక 5 గంటలు వచ్చునని కాగితము చెప్పును. కాని ఆ 150 అను సంఖ్య సాధారణముగా 20 గంటలపాటు మెల్లగా, 7.5 ఆంపియర్ల చొప్పున వాడినపుడు వచ్చునది. వేగముగా లాగినకొలది మొత్తమే తగ్గును. అంతేగాక సగమునకు మించి వాడకుండుట వివేకము. కావున రెండు గంటలు, మహా అయినచో రెండున్నర గంటలు మన సొమ్ము. అవే ఫ్యానులు నూతన తరహా 30 వాట్లవి అయినచో మొత్తము 165 వాట్లకు దిగి, అదే సగము బ్యాటరీ నాలుగున్నర గంటలు వచ్చును. రెండవ బ్యాటరీ కొనుటకన్న ఫ్యాను మార్చుట మేలను సంగతి కొట్టువాడు తనంతట చెప్పకపోవచ్చును.

ఇప్పుడు తిరిగి నింపుట. బ్యాటరీ సామర్థ్యములో పదవ వంతు, అనగా 15 ఆంపియర్లతో నింపుట సామాన్య నియమము. మనము తీసినది 75 ఆంపియరు గంటలు. నింపుటలో కొంత వృథా యగును గనుక సుమారు 86 పెట్టవలెను. మొదటి 4 గంటలలో 60 చేరి బ్యాటరీ నూటికి 85 వంతుల దరిదాపునకు వచ్చును. అప్పటికి దాని వోల్టేజి 14.4 దగ్గరకు చేరును. ఇంకను 15 ఆంపియర్లు తోసినచో నీరు ఉడికినట్లు బుడగలు వచ్చును గాని పలకలోనికి పోదు. అందుచేత ఛార్జరు వోల్టేజిని అచ్చటనే నిలిపి ప్రవాహమును క్రమముగా తగ్గించుచు పోవును. మిగిలిన కొద్ది భాగమునకే మరి 5, 6 గంటలు పట్టును. పిదప 13.5, 13.8 వోల్టుల నడుమ సన్నని ధారతో ఆ నిండుదనమును కాపాడుచుండును.

ఇన్వర్టరుపై పచ్చదీపము వెలుగగానే నిండినదని నమ్మరాదు. అది వోల్టేజిని చూచి వెలుగునది; శివారును చూచి వెలుగునది కాదు. కరెంటు రెండు గంటలు వచ్చి రెండు గంటలు పోవుచున్న దినములలో ఏమి జరుగునో గమనింపుడు. వచ్చిన రెండు గంటలలో చేరునది 30 ఆంపియరు గంటలు. తరువాతి రెండు గంటలలో పోవునది 58. ప్రతి వంతుకును లోటు పెరుగును, శివారు ఒక్కసారియు తడియదు. తుపాను తరువాత కరెంటు తెగుచు అతుకుచు వచ్చు వారమునందే బ్యాటరీలు పాడగుటకు కారణమిదియే. అట్టి వారమున ఫ్యానులు ఆపి దీపములతో సరిపెట్టుకొనవలెను. కరెంటు స్థిరపడిన మొదటి రోజున ఒక పూర్తి రాత్రి బ్యాటరీని వాడక నిండనీయవలెను.

మరియొక చిన్న మీట ఉన్నది. చాలమంది దానిని చూడనే చూడరు. పలు ఇన్వర్టర్ల వెనుక యు.పి.ఎస్. అనియు, సాధారణ లేక ఎకో అనియు రెండు స్థానములు కలవు. యు.పి.ఎస్. స్థానములో ఉన్నపుడు వోల్టేజి 180 వరకు పడిపోయినచో కరెంటు పోయినట్లే భావించి యంత్రము బ్యాటరీని వాడసాగును. చేపల, రొయ్యల చెరువులలో ఏరేటర్లు తిరుగు వేళ వోల్టేజి కుంగు గ్రామములలో దీనివలన వింత జరుగును: వీధిలో కరెంటు ఉండగనే ఇంటి బ్యాటరీ ఖాళీ యగుచుండును! కంప్యూటరు లేని ఇంటివారు మీటను రెండవ స్థానమునకు త్రిప్పినచో తక్కువ వోల్టేజిలోను యంత్రము వీధి కరెంటునే వాడుకొనుచు బ్యాటరీని నింపును.

నిండినదో లేదో నిశ్చయముగా తెలుపునది హైడ్రోమీటరు. రబ్బరు బుడ్డి నొక్కి ఆమ్లమును పైకి లాగినచో లోపలి తేలుడు గాజుగొట్టము అంకె చూపును. మన దేశపు గొట్టపు పలకల బ్యాటరీలలో నిండుదనమునకు అంకె సాధారణముగా 1.240 ప్రాంతమున ఉండును. ఖచ్చితమైన అంకె కంపెనీ కాగితముపై ఉండును. 1.180కి దిగినచో ఆలస్యము చేయరాదు. ఆరు అరలలో ఒకటి మాత్రము మిగిలిన వాటికన్న 0.050 తక్కువ చూపుచున్నచో ఆ అర జబ్బుపడినదని గ్రహింపవలెను. హైడ్రోమీటరు లేనివారు కరెంటును, వాడకమును ఆపి కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చి మల్టీమీటరుతో కొలువవచ్చును. 12.6 లేక అంతకు మించినచో నిండు, 12.2 వద్ద సగము, 11.9కి దిగినచో దాదాపు ఖాళీ. విద్యాసంస్థల పాలకవర్గములకు ఈ సందర్భమున ఒక విన్నపము. గ్రంథాలయమునకు, ప్రయోగశాలకు బ్యాటరీలు కొన్న రసీదు బీరువాలో భద్రముగా ఉండును గాని, బ్యాటరీ ప్రక్కన ఒక నోటుపుస్తకము వ్రేలాడుట అరుదు. నెలకొకసారి తేదీ, ఆరు అరల అంకెలు, పోసిన నీరు వ్రాయించినచో చాలును. ఆ పని రసాయనశాస్త్ర విద్యార్థులకే అప్పగింపవచ్చును.

నీటిని గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. నిండు దశలో కొంత నీరు హైడ్రోజను, ఆక్సిజనులుగా విడిపోయి ఎగిరిపోవును. ఆమ్లము పోదు. కావున తిరిగి పోయవలసినది నీరే. ఆమ్లము పోయుట బ్యాటరీకి విషము పెట్టుటయే. ఆ నీరు కూడ డిస్టిల్డ్ వాటరు కావలెను. మన సముద్రతీర గ్రామముల బోరునీటిలో ఉప్పు, ఇనుము ఉండును. క్లోరైడు, ఇనుము రెండును పలకకు శత్రువులు. త్రాగుటకు కొను డబ్బా నీరు శుభ్రమైనదే గాని, లవణములు పూర్తిగా తొలగినది కాదు. గుర్తుల నడుమ నీరుండవలెను. పలకలు బయటపడినచో వెంటనే మునుగునంత పోయవలెను. అట్లు కానిచో ఛార్జి ముగిసిన తరువాతనే పోయవలెను, ఏలనన నిండునపుడు ద్రవము ఉబ్బి పైకి పొంగును. మట్టము చూచుటకు అగ్గిపుల్ల వెలిగించువారు కలరు! గాలిలో నూటికి 4 వంతులు హైడ్రోజను చేరినచో నిప్పు తగులగానే ప్రేలును. అందుచేతనే బ్యాటరీని మూసిన బీరువాలో గాని, పొయ్యి దగ్గర గాని, నిద్రించు గదిలో గాని ఉంచరాదు.

ఎండ రెండవ శత్రువు. బ్యాటరీ వేడి 10 డిగ్రీలు పెరిగినచో ఆయుస్సు సుమారు సగమగునని స్థూల నియమము. మే నెలలో రాజమహేంద్రవరమున 40 డిగ్రీలు దాటుట సామాన్యము. డాబాపై రేకుల గదిలో ఉంచిన బ్యాటరీ సంగతి వేరుగా చెప్పవలెనా? ఉత్తరపు వసారాలో, నీడలో, గాలి తగులుచోట ఉంచుట మేలు.

కరెంటు తీగయే లేని చోట ఏమి చేయవలెను? మన గోదావరిపైననే దీనికి ఉదాహరణము కలదు. పాపికొండలకు పోవు లాంచీలందును, దిండి వద్ద పర్యాటకులకొరకు నడిపిన గృహనౌకలందును దీపములకు, ఫ్యానులకు బ్యాటరీ అవసరము. అమెరికాలో సెలవులకు మన తెలుగు కుటుంబములవారు అద్దెకు తీసికొని తిరుగు చక్రముల ఇండ్లలోను సమస్య ఇదే. ఇంజనుతో తిరుగు ఆల్టర్నేటరు దారిలో బ్యాటరీని నింపును. రెండు గంటలు ఇంజను నడిచినది గనుక నిండినదని సరంగు తలంచును. పైన చెప్పిన లెక్క ప్రకారము మొదటి భాగమే నిండియుండును, శివారు అట్లే యుండును. తీగ పొడవుగా, సన్నగా ఉన్నచో దారిలోనే అరవోల్టు పోయి అదియు నిండదు. కావున తీగ లావుగా ఉండవలెను. ఇంజను త్రిప్పు బ్యాటరీ వేరు, దీపముల బ్యాటరీ వేరుగా ఉండి, నడుమ రెంటిని విడదీయు సాధనము ఉండవలెను. లేనిచో రాత్రి పాటల పెట్టె మ్రోగినందుకు ఉదయము నది నడుమ ఇంజను కదలదు.

శివారు తడుపుటకు తగినది సూర్యుడు. 160 వాట్ల పలక ఒకటి నిర్మలమైన దినమున నష్టములు పోను 45 ఆంపియరు గంటల వరకు ఇవ్వగలదు. అది మెల్లగా, పగలంతయు ఇచ్చును; చివరి భాగమునకు కావలసినదియు అదే. జనరేటరు ఉన్నవారు మొదటి 3, 4 గంటలు మాత్రము దానితో నింపి, తక్కినది సూర్యునికి విడిచినచో డీజిలు మిగులును. కొద్దిపాటి శివారుకొరకు ఆరుగంటలు డీజిలు కాల్చుట దండుగ. పలకకును బ్యాటరీకిని నడుమ ఛార్జి నియంత్రకము తప్పనిసరి. కోనసీమలో కొబ్బరి మట్టల నీడ ఒక జాగ్రత్త: పలకలో ఒక మూల నీడ పడినను మొత్తము దిగుబడి బాగుగా తగ్గును. మరియొక భ్రమను కూడ తొలగింపవలసియున్నది. 2024లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన సూర్యఘర్ పథకము వంటి వాటిక్రింద ఇంటి కప్పులపై పెట్టుచున్న పలకలు సాధారణముగా వీధి కరెంటుతో ముడిపడినవి. స్తంభముపై పనిచేయు లైనుమాన్ ప్రాణరక్షణకై, వీధి కరెంటు పోగానే అవి తమంతట ఆగిపోవును. బ్యాటరీతో కూడిన వేరు ఏర్పాటు లేనిచో తుపాను మరునాడు ఎండ కాయుచున్నను ఇంటిలో దీపము వెలుగదు.

ఇటీవల లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు ఇండ్లకు వచ్చుచున్నవి. వీటికి ధర్మము వేరు. సగము నిండియుండుట వీటికి హాని కాదు, ఎల్లవేళల నిండుగా ఉంచుటయే అంత మంచిది కాదు. నీరు పోయనక్కరలేదు. శివారు ఆలస్యమును తక్కువ. అయితే సీసపు బ్యాటరీకై చేసిన పాత ఇన్వర్టరుకు వీటిని తగిలింపరాదు. ఛార్జరు వీటికి సరిపడునదో కాదో ముందుగా విచారింపవలెను. వెల ఎక్కువ.

ఆయుస్సు తీరిన సీసపు బ్యాటరీని పగులగొట్టి ఆమ్లమును కాలువలో పారబోయుట మహాపరాధము. మన గ్రామముల మంచినీటి చెరువులు ఆ కాలువలనుండియే నిండును. సీసము పిల్లల మెదడును దెబ్బతీయునను విషయము వైద్యశాస్త్రము నిర్ధారించినది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము పాత బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించు బాధ్యత తయారీదారులపై ఉన్నది. కొత్తది కొనునపుడు పాతది ఇచ్చినచో ధర కూడ తగ్గింతురు.

కరెంటు కోతలు లేని నెలలలో బ్యాటరీ ఊరక కూర్చుండును. నెలకొకసారి మెయిను ఆపి ఒక గంట వాడి, మరల రాత్రియంతయు నింపవలెను. తుపాను హెచ్చరిక వినగానే చేయవలసిన పని మాత్రము వేరు. రెండు రోజుల ముందే నీటిమట్టము చూచి, తీగల మొనలకు పట్టిన తెల్లని, పచ్చని పొడిని వేడినీటితో కడిగి, ఆరబెట్టి, బిగించి వేజలీను పూయవలెను. కడుగునపుడు ఇన్వర్టరు ఆపి, చేతికి ఉంగరము లేకుండ చూచుకొనవలెను. ఆ రాత్రి ఏమియు వాడక నింపవలెను. కరెంటు పోయిన తరువాత నెబ్యులైజరుకు, ఒక దీపమునకు, ఫోనుకు తప్ప మొదటి రోజున దేనికిని వాడరాదు. మొంథా వంటి తుపానులో స్తంభములు ఎన్ని పడినవో తెల్లవారిన గాని తెలియదు. లంక గ్రామముల వారు వరదకు ముందు బ్యాటరీని బల్లపైకో, అటకపైకో ఎక్కించవలెను. ఎక్కించునపుడు ఇద్దరు పట్టవలెను, నిలువుగా ఉంచవలెను. ఒరిగినచో ఆమ్లము కాళ్ళపై ఒలుకును. నీట మునిగిన బ్యాటరీని మాత్రము తీగలు విప్పి, మంచినీటితో పైభాగము కడిగి ఆరబెట్టి, ఆమ్లపు అంకెలు చూపించిన తరువాతనే తిరిగి తగిలింపవలెను.